ఎర్ర గీత ఎటువైపు

తిరుపతిలో కంప్యూటర్లు కూర్చే పనికి ఎవరైనా చరిత్ర రాస్తే 386, 486, పెంటియమ్ అంటూ ప్రాసెసర్ల పేర్లతో అధ్యాయాలు పెడతారు. ఆ పని చేసి బతికిన నాలాంటివాణ్ణి అడిగితే కేబుళ్ల లెక్కన చెబుతాను. ప్రాసెసర్‌ని ఒకసారి సాకెట్లో కూర్చోబెట్టి పైన ఫ్యాను బిగిస్తే ఇక దాని జోలికి పోయే పనుండదు. మా పొద్దంతా గడిచింది సీపీయూ డబ్బా లోపల, బూడిద రంగు పట్టీ కేబుళ్ల మధ్య. మిషిను లేస్తుందో లేవదో అక్కడే తేలేది. మాకు పేరొచ్చేదీ పోయేదీ కూడా అక్కడే.

1996లో గాంధీ రోడ్డు పక్క సందులో ఒక అంగట్లో పనికి కుదిరాను. అంగడాయన్ని అందరం అన్న అనే పిలిచేవాళ్లం. అంతకుముందు టేప్ రికార్డర్లు, రేడియోలు బాగుచేసిన మనిషి. ఆ తరంలో ఈ పనికి వచ్చినవాళ్లలో చాలామంది అట్లాంటివాళ్లే. పుస్తకాలు చదివి నేర్చుకుందామన్నా పుస్తకాలెక్కడివి? బోర్డుతో వచ్చే పల్చటి మాన్యువల్, డిస్కు మీద అంటించిన స్టిక్కరు, అన్న నోటి మాట. అంతే.

ఆయన చెప్పిన మొదటి పాఠం: "ఎర్ర గీత కరెంటు పక్కనుండాలరా." పట్టీ కేబుల్‌కి ఒక అంచున ఎర్ర గీత ఉంటుంది. అది ఒకటో నంబరు తీగ. హార్డ్ డిస్క్ వెనక డేటా సాకెట్టూ పవర్ సాకెట్టూ పక్కపక్కనే ఉంటాయి, ఒకటో పిన్ను దాదాపు ఎప్పుడూ పవర్ వైపే ఉంటుంది. కాబట్టి గీత అటు తిప్పి పెడితే సరిపోతుంది. కంపెనీ కేబుల్ అయితే 20వ రంధ్రం పూడ్చేసి ఉంటుంది, డిస్కుకు ఆ చోట పిన్నే ఉండదు, తలకిందులుగా పెట్టాలన్నా దూరదు. మాకు దొరికే చవక కేబుళ్లలో 40 రంధ్రాలూ తెరిచే ఉండేవి, ఎట్లా పెట్టినా దూరేవి. అందుకే ఆ పాఠం. ఫ్లాపీ డ్రైవుల్లో కొన్ని ఈ సూత్రానికి లొంగేవి కావు. ఫ్లాపీ కేబుల్ తిరగబడితే డ్రైవు లైటు స్విచ్చి వేసింది మొదలు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. అన్న ఆ లైటు చూసి గుమ్మంలోంచే, చెప్పులు విడవకముందే, రోగం చెప్పేవాడు.

రెండో పాఠం పవర్‌ది. కరెంటిచ్చే ఏటీ రకం ఎస్ఎంపీఎస్ డబ్బా నుంచి బోర్డుకు రెండు తలలు వచ్చేవి, పీ8, పీ9 అని. రెండూ ఒకే పోలికలో ఉంటాయి, అటూ ఇటూ మార్చి పెడితే బోర్డు బూడిదే. "నలుపు నలుపు నడిమధ్య" అని మంత్రంలా అనుకుంటూ పెట్టేవాళ్లం. అంటే రెండు తలల నల్ల తీగలూ మధ్యలో పక్కపక్కన రావాలి. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతిలో ఒకే 20 పిన్నుల తల, ఒకే వైపుకి దూరేది వచ్చింది. మా ఊళ్లో అది మామూలయ్యేసరికి 1998, 99 అయింది. ఆ తర్వాత పనిలోకి వచ్చిన పిల్లలకు ఆ మంత్రం తెలియదు.

సరుకు సంగతి చెప్పాలి. అప్పటి చిత్తూరు జిల్లాకి హైదరాబాదు రాజధానే కానీ అంగడి ఎప్పుడూ కాదు. తిరుపతి, పుత్తూరు, శ్రీకాళహస్తి వాళ్లు మద్రాసుకి పోతారు. మదనపల్లె, పలమనేరు వాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డుకి పోతారు. చిత్తూరు వాళ్లకి రెండు దార్లూ దగ్గరే, ధర ఎక్కడ తగ్గితే అక్కడికి. మాది మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్. తెల్లారుజామున బస్సెక్కి పుత్తూరు, నాగలాపురం, ఊత్తుకోట మీదుగా పోతే అంగళ్లు తెరిచే వేళకి అక్కడుండేవాణ్ణి. రేడియో సామాన్ల కాలం నుంచీ ఉన్న వీధి అది. అన్న టేప్ రికార్డర్ హెడ్డుల కోసం తిరిగిన మెట్లే నేను ర్యామ్ కోసం ఎక్కాను. అరవం వచ్చినా రాకపోయినా బేరం తెలుగులోనే సాగేది, ఆ వీధిలో తెలుగు అర్థంకాని అంగడి తక్కువ. కేబుళ్లు కట్టలు కట్టి, తూకం వేసినట్టు అమ్మేవాళ్లు. తిరిగొచ్చేటప్పుడు బార్డరు దగ్గర బిల్లు చూపించి, సంచి విప్పి, మళ్లీ సర్దుకోవడం అప్పట్లో మామూలు. 1997లో మన దేశం ప్రపంచ వాణిజ్య సంస్థ సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరి, 2005 నాటికి ఈ సామాన్ల మీద కస్టమ్స్ సుంకం ఎత్తేసింది. బ్రాండెడ్‌కీ అసెంబుల్డ్‌కీ ధరలో ఉన్న తేడా ఆ మధ్యకాలంలో మాకు అన్నం పెట్టింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. డబ్బాలో ఒకే కేబుల్‌కి రెండు డ్రైవులు తగిలిస్తే వాటిలో ఏది మొదటిది, ఏది రెండోది? ఈ చిన్న ప్రశ్నకి ఇరవై రెండేళ్లలో నాలుగు జవాబులు వచ్చాయి. మా వృత్తి కథంతా ఆ నాలుగు జవాబుల కథే.

మొదటిది ఐబీఎంది. 1981లో వచ్చిన వాళ్ల పీసీలో ఫ్లాపీ కేబుల్‌కి 34 తీగలు. మధ్య తలకీ చివరి తలకీ నడుమ 10 నుంచి 16 దాకా ఏడు తీగల్ని చీల్చి, మెలిపెట్టి తిప్పేశారు. రెండు డ్రైవుల్నీ ఒకే రకంగా సెట్ చేసి పంపితే చాలు. మెలిక అవతల ఉన్నది ఏ డ్రైవు, ఇవతలది బీ డ్రైవు. బిగించే మనిషికి ఆలోచించే పనే లేదు, తెలివంతా ఆ మెలికలో ఉంది. నేను చూసిన ఇంజనీరింగ్ పనుల్లో ఇంత చవకైన తెలివి ఇంకోటి లేదు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ప్రాజెక్టు పనికి మా అంగడికి వస్తే ముందు ఈ కేబులే చేతికిచ్చేవాణ్ణి.

రెండో జవాబు వెనక్కి నడిచింది. హార్డ్ డిస్క్ నడిపే కంట్రోలర్‌ని డిస్కు మీదికే ఎక్కించిన ఐడీఈ పద్ధతి 1986లో కాంపాక్ మిషిన్లతో బయటికొచ్చింది. వెస్టర్న్ డిజిటల్, కంట్రోల్ డేటా కంపెనీలు అందులో భాగస్వాములు. 1994లో అమెరికా ప్రమాణాల సంస్థ దానికి ఏటీఏ పేరుతో ముద్ర వేసింది. దీనికి 40 పిన్నులు, మెలిక లేదు. ఏది మాస్టరో ఏది స్లేవో డిస్కు వెనక ఉన్న చిన్న జంపర్లతో మనిషే చెప్పాలి. వడ్లగింజంత ప్లాస్టిక్ ముక్క, లోపల రేకు. గోటితో పీకి పక్క పిన్నుల మీదికి మార్చాలి. అది జారి బోర్డు కిందకి పడితే టార్చిలైటు వేసి వెతుక్కోవాలి. మా పరిజ్ఞానానికి విలువ కట్టింది ఈ వెనకడుగే. ఐబీఎం ఫ్లాపీకి చూపిన దయ హార్డ్ డిస్క్‌కి కూడా చూపించి ఉంటే మా అంగళ్లలో సగం తెరిచేవే కాదు.

ఎందుకంటే ఆ రోజుల్లో స్లేవ్ పెట్టడం అన్నది ఒక్కసారి చేసి మరిచిపోయే పని కాదు. పెన్ డ్రైవులు లేవు. ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ. డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్లో, అను ఫాంట్లతో చేసిన పెండ్లి పత్రికలు, కాలేజీ మ్యాగజైన్లు ఒక మిషిన్ నుంచి ఇంకో మిషిన్‌కి పోవాలంటే హార్డ్ డిస్కే ఊడదీసి, గుడ్డలో చుట్టి, స్కూటర్ డిక్కీలో పెట్టుకుని వచ్చేవాళ్లు. "స్లేవ్ పెట్టి కాపీ కొట్టియ్యి సామీ" అనేది ఈ ఊళ్లో మామూలు మాట. సినిమా వీసీడీలు, ఎంపీ3 పాటలు ఊరంతా పాకింది ఆ దారినే. ఇక్కడ ఒక చిక్కు ఉండేది. సీగేట్ డిస్కు ఒంటరిగా ఉన్నా, పక్కన ఇంకోటి ఉన్నా మాస్టర్ జంపర్ ఒకే చోట. వెస్టర్న్ డిజిటల్‌కి అట్లా కాదు. పక్కన స్లేవ్ ఉన్నప్పుడు మాస్టర్ స్థానం, ఒంటరిగా ఉన్నప్పుడు జంపరే తీసెయ్యాలి. తియ్యకపోతే లేని స్లేవ్ కోసం ఎదురుచూస్తూ మిషిను నల్ల తెర మీద నిలబడిపోతుంది. కాపీ కొట్టించుకుని ఇంటికి పోయినవాళ్లు గంటలో తిరిగొచ్చి "డిస్కు చంపేసినావు" అని అరిచేవాళ్లు. అన్న నవ్వుతూ జంపర్ పీకి చేతిలో పెట్టేవాడు.

డిస్కు తగిలించినంత మాత్రాన పని అయ్యేది కాదు. బయోస్‌లో సిలిండర్లు, హెడ్డులు, సెక్టార్లు చేత్తో కొట్టాల్సిన బోర్డులు ఇంకా తిరుగుతుండేవి. వెస్టర్న్ డిజిటల్ 1.2 జీబీకి 2484, 16, 63. ఆ అంకెలు ఇప్పటికీ నా ఫోన్ నంబరు కంటే ముందు గుర్తొస్తాయి. తర్వాత్తర్వాత ఆటో డిటెక్షన్ వచ్చి ఆ బాధ తప్పింది కానీ, బయోస్‌కి ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో గోడ అడ్డమొచ్చేది. మొదట 528 ఎంబీ, తర్వాత 8.4 జీబీ, తర్వాత 33.8 జీబీ, చివరికి 137 జీబీ. 40 జీబీ డిస్కు కొనుక్కొచ్చి పాత బోర్డుకి తగిలిస్తే మిషిను అట్లాగే బిగుసుకుపోయేది. డిస్కు మీదనే ఇంకో జంపర్ పెట్టి దాన్ని 32 జీబీ అని అబద్ధం చెప్పిస్తే లేచేది. డబ్బులు 40కి కట్టి 32 వాడుకోమంటే ఏ గిరాకీ ఒప్పుకుంటాడు? ఆ వివరణ ఇవ్వడానికి జంపర్ పెట్టడం కంటే ఎక్కువ సేపు పట్టేది.

సీడీ డ్రైవు వచ్చాక రెండో తల దానికి పోయింది. ఒకే కేబుల్ మీద హార్డ్ డిస్కూ సీడీ డ్రైవూ అంటే ఒకే బావికి రెండిళ్ల వాళ్లు చేదేసినట్టు. ఒకరు తోడుతుంటే రెండోవాళ్లు ఆగాల్సిందే. అందుకే వీలైతే బోర్డు మీది రెండో ఐడీఈ సాకెట్టుకి, అంటే సెకండరీకి, వేరే కేబుల్ లాగేవాళ్లం. ఈ ఊళ్లో అందరూ మరిచిపోయే తీగ ఇంకోటుండేది. సీడీ డ్రైవు నుంచి సౌండ్ కార్డుకి పోయే సన్నటి ఆడియో తీగ. అది లేకపోయినా ఎంపీ3 పలుకుతుంది, వీసీడీ పలుకుతుంది. మామూలు ఆడియో సీడీ వేస్తే మాత్రం అప్పటి మిషిన్లలో డిస్కు తిరుగుతుంది, స్పీకర్లో చప్పుడుండదు. కొండ కింద అన్నమయ్య కీర్తనల సీడీ కొనుక్కున్నవాళ్లు, ఇంటికి తీసుకుపోయి వేసి, సీడీ చెడిపోయిందని దేవుడి మీదే నింద వేసేవాళ్లు. ఆ తీగ ఖరీదు ఒక టీ నీళ్ల ఖర్చు.

మూడో జవాబు 80 తీగల కేబుల్‌తో వచ్చింది. 1999, 2000 ప్రాంతంలో డిస్కుల వేగం సెకనుకి 66, 100 ఎంబీలకి పెరిగేసరికి పక్కపక్క తీగల్లో సిగ్నళ్లు ఒకదానిలోకి ఒకటి కారడం మొదలైంది. పిన్నులు 40గానే ఉంచి, ప్రతి తీగ పక్కన ఒక భూమి తీగ చేర్చారు. పట్టీ అంతే వెడల్పు, తీగలు సగం సన్నం. తలలకి రంగులు ఇచ్చారు. నీలం బోర్డుకి, నలుపు మాస్టర్‌కి, మధ్యలో బూడిద రంగు స్లేవ్‌కి. 28వ పిన్ను మధ్య తలలో తెగి ఉంటుంది. జంపర్‌ని కేబుల్ సెలెక్ట్‌లో పెడితే, 28వ తీగ అందిన డిస్కు మాస్టర్, అందనిది స్లేవ్. ఐబీఎం మెలిక ఇన్నేళ్లకి ఇంకో రూపంలో తిరిగొచ్చింది. మా ఊళ్లో దాన్ని ఎవరూ నమ్మలేదు. జంపర్‌కి అలవాటుపడిన చెయ్యి కేబుల్‌ని నమ్మదు. 80 తీగల కేబుల్ ఖరీదని పాతదే తగిలించి ఇచ్చిన మిషిన్లు ఎన్నో. అవి లేచేటప్పుడు 80 తీగల కేబుల్ లేదని తెర మీద ఒక వరస మెరిసి మాయమయ్యేది, గిరాకీ చదవకముందే. వేగం 33 దగ్గరే ఆగిపోయేది. ఎత్తు క్యాబినెట్లకి అందడం లేదని 18 అంగుళాల హద్దు దాటిన పొడుగు కేబుళ్లు వాడినవాళ్లూ ఉన్నారు. ఫైళ్లు కాపీ అయ్యేవి, తెరిస్తే సగం చెత్త.

నాలుగో జవాబుకి ముందు, కేబుల్ తప్పు లేకుండానే వచ్చే రోగాల కోసం, మన నేల గురించి ఒక మాట. రాయలసీమ రాతినేలకి ఎర్తింగ్ అందదు. బొగ్గు, ఉప్పు వేసి గుంత తీసినా ఎండాకాలం నీళ్లు పొయ్యకపోతే అది ఉండీ లేనట్టే. ఎస్ఎంపీఎస్ లోపల ఫేజు, న్యూట్రల్ రెండింటి నుంచీ రేకు డబ్బాకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే డబ్బా 230 వోల్టుల్లో సగం దగ్గర తేలుతుంటుంది. ముట్టుకుంటే జివ్వుమంటుంది. చంపదు కానీ, కరెంటు ఆపకుండా ప్రింటర్ కేబుల్ పెట్టబోతే పోర్టు కాలుతుంది. "మిషిన్లో దయ్యముంది" అని నా దగ్గరికి వచ్చిన కేసుల్లో చాలావాటికి మందు బక్కెట్ నీళ్లు.

నాలుగో జవాబు 2003లో వచ్చిన సాటా. ఏడు పిన్నుల సన్న తీగ, మీటరు దాకా పొడుగు, ఒక తీగకి ఒకే డ్రైవు. ఇద్దరు లేకపోతే ఎవరు మొదటన్న ప్రశ్నే లేదు. జంపర్ పోయింది, ఎర్ర గీత పోయింది, తల ఎల్ ఆకారంలో ఉండి ఒకే వైపుకి దూరుతుంది. మొదట్లో మేం సంతోషపడలేదు. ఆ తీగల తలకి పట్టే క్లిప్పు ఉండేది కాదు, లారీలో మదనపల్లె పోయేసరికి ఊడొచ్చేవి. ఎక్స్‌పీ వేసేటప్పుడు ఎఫ్6 నొక్కి ఫ్లాపీలోంచి డ్రైవర్ ఇవ్వాల్సొచ్చేది. కొత్త తీగని గుర్తుపట్టించడానికి పాత మెలిక కేబుల్‌నే మళ్లీ బయటికి తియ్యాల్సి వచ్చింది. 2006లో ఇంటెల్ తన కొత్త డెస్క్‌టాప్ చిప్‌సెట్లలోంచి ఐడీఈని తీసేసింది. ఆ తర్వాత డిస్కు మార్చడం ఇంట్లో పదో తరగతి పిల్లాడు చేసుకునే పని అయిపోయింది. కొందరు ల్యాప్‌టాపులు పోటీకొచ్చి మా వృత్తిని దెబ్బతీశాయంటారు. నా లెక్కలో అంతకుముందే సాటా తీగ దెబ్బ తీసింది. తప్పుగా పెట్టడానికి వీల్లేని చోట సరిగ్గా పెట్టేవాడికి కూలెవరిస్తారు?

మధ్యలో ఒకసారి మళ్లీ మా కాలం వచ్చింది. 2011 అక్టోబరులో థాయిలాండ్ వరదల్లో హార్డ్ డిస్క్ ఫ్యాక్టరీలు మునిగాయి, ధరలు రెట్టింపు దాకా పోయాయి. సరిగ్గా నవంబరులో మీసేవ మొదలైంది, అదీ ముందుగా చిత్తూరు జిల్లాలోనే. సెంటర్ పెట్టుకునేవాళ్లకి మిషిన్లు కావాలి, డిస్కుల ధర చూస్తే గుండె ఆగుతుంది. అటకమీద పడేసిన 40 జీబీ, 80 జీబీ ఐడీఈ డిస్కులన్నీ దుమ్ము దులిపించుకుని కిందికి దిగాయి. ఎర్ర గీత తెలిసిన చేతులకి ఆ చలికాలం పని దొరికింది.

ఇప్పుడు ఆ విద్య కాటాల దగ్గర బతుకుతోంది. చిత్తూరు చుట్టూ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, గ్రానైట్ యూనిట్లు, బెల్లం మండీ. లారీ తూచే కాటాల్లో కొన్ని ఇప్పటికీ డాస్ మీద నడుస్తున్నాయి. తూకం సీరియల్ పోర్టు నుంచి వస్తుంది, రసీదు డాట్ మ్యాట్రిక్స్ మీద పడుతుంది. జూన్, జూలైలో తోతాపురి సీజన్లో లారీలు వరసకట్టి ఉండగా డిస్కు పోతుంది. కొత్త మిషిన్ తీసుకోమంటే ఒక యజమాని అన్న మాట: "ఆ సాఫ్ట్‌వేర్ రాసిచ్చినాయనే లేడు సామీ. కొత్తది నాకేం చేస్తాది? ఆ పాతదే లేపియ్యి." ఐడీఈ డిస్కు కొత్తది దొరకదు. దొరికిన పాతది ఎన్నాళ్లుంటుందో తెలియదు. దీనికి మందు కెమెరాల్లో ఉంది. శాన్‌డిస్క్ 1994లో తెచ్చిన కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు లోపల ఐడీఈ భాషే మాట్లాడుతుంది. మధ్యలో ఏ చిప్పూ అక్కర్లేదు, పిన్నుల్ని పిన్నులకి కలిపే చిన్న పలక చాలు. తిరుచానూరు, తిరుమల పెండ్లిళ్లు తీసే స్టూడియోల వాళ్లు కొత్త కెమెరాలకి మారాక ఆ కార్డులు సొరుగుల్లో పడున్నాయి. ఒక్కోటి తెచ్చి, పలక మీద గుచ్చి, మాస్టర్ జంపర్ పెట్టి, 2 జీబీ లోపు ఒక పార్టిషన్ చేసి డాస్ వేస్తే కాటా లేస్తుంది. తిరిగే భాగం లేదు కాబట్టి గ్రానైట్ దుమ్ము కూడా దాన్నేమీ చెయ్యలేదు. కొంచెం కొత్త మిషిన్లయితే సాటా ఎస్ఎస్‌డీకి ఐడీఈ కన్వర్టర్ పలక పెడతాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాయం ఆగిపోయాక స్కూళ్ల వాళ్లు కూడా పాత మిషిన్లు మోసుకొస్తున్నారు, ఎస్ఎస్‌డీ వేసి లినక్స్ పెట్టమని.

కొత్త మిషిన్లలో డిస్కుకి అసలు తీగే లేదు. ఎం.2 డిస్కు ర్యామ్ పలకలా ఉండి బోర్డు మీద పడుకుంటుంది, ఒక స్క్రూ. అయినా వీడియోలు చూసి సొంతంగా బిగించుకున్న పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. అన్నీ పెట్టాము అన్నా, స్విచ్చి నొక్కితే ఉలకదు పలకదు అంటారు. క్యాబినెట్ ముందువైపు నుంచి వచ్చే పవర్ స్విచ్, రీసెట్, హార్డ్ డిస్క్ లైటు తీగలు ఇప్పటికీ విడివిడిగా, చీమ తలకాయంత పిన్నుల మీదే గుచ్చాలి. స్విచ్చి తీగ ఎటు తిప్పి పెట్టినా ఫర్వాలేదు, లైటు తీగకి మాత్రం ప్లస్, మైనస్ ఉంది. ఏ పిన్ను దేనిదో బోర్డు బోర్డుకీ మారుతుంది, మాన్యువల్ చూడనిదే తెలియదు. వాళ్లు మాన్యువల్ పెట్టెతో సహా పారేసి వస్తారు. స్క్రూడ్రైవర్ మొనతో రెండు పిన్నులు తాకించి మిషిను లేపి చూపిస్తాను. దానికి వంద రూపాయలు తీసుకుంటాను.